కంప్యూటరు ఓనమాలు

పదునైదేండ్లు బడిలోను కళాశాలలోను గడపి పట్టము పుచ్చుకొన్న యువకుడొకడు నెట్ సెంటరు బల్ల ముందు నిలిచి తన పేరును, తన తండ్రి పేరును, తన పుట్టిన తేదీని పరుని చేత వ్రాయించుకొనుచుండుట మన పట్టణములలో దినదినము కానవచ్చు దృశ్యము. అతనికి తెలుగు వచ్చును, ఇంగ్లీషు వచ్చును, గణితమున మంచి మార్కులు వచ్చినవి. జేబులో ఖరీదైన ఫోను ఉన్నది. ఐనను ఆ బల్ల మీది కీబోర్డును తాకుటకు అతని చేయి వెనుకాడుచున్నది. ఇతనిని అక్షరాస్యుడందుమా, నిరక్షరుడందుమా?

ఈ ప్రశ్న పరిహాసమునకై అడిగినది కాదు. 2017 జులై నుండి 2018 జూను వరకు జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత లెక్కలను చూడుడు. స్మార్టుఫోనును విడిచి లెక్కింపగా, కంప్యూటరు గల కుటుంబములు గ్రామములలో నూటికి 4.4, పట్టణములలో 23.4. ఐదేండ్లు మొదలు ఆ పై వయస్సుగల వారిలో కంప్యూటరును నడుపగలవారు గ్రామములలో నూటికి 9.9, పట్టణములలో 32.4. ఆ తరువాత ఫోన్లు ఇంటింట వెలసినమాట నిజమే. కాని ఫోను పెరిగినంత మాత్రమున ఈ విద్య పెరిగినదనుట పొరపాటు. ఫోను చూచుటకును, మాటాడుటకును, సొమ్ము చెల్లించుటకును అనువైన పనిముట్టు. వ్రాయుటకును, లెక్కలు కట్టుటకును, కాగితములను కూర్చి భద్రపరచుటకును నేటికిని డెస్క్‌టాప్ కంప్యూటరే సాధనము. ఆఫీసులన్నియు దాని మీదనే నడచుచున్నవి.

పూర్వము ఉత్తరము చదివించుకొనుటకై పోస్టుమానును బ్రతిమాలుకొన్న కుటుంబములు మనలో ఎన్ని లేవు? కరణము వ్రాసినదే లెక్క, చెప్పినదే శిస్తు అని వ్రేలిముద్ర వేసిన రైతులు ఎందరు లేరు? అక్షరము రాని వాని హక్కు అక్షరము వచ్చినవాని దయలో ఉండెడిది. ఇప్పుడు ఆ దయ మరియొక చోటికి మారినది. 2011లో మీ సేవా కేంద్రములు వెలసిన పిమ్మట తాలూకా కచేరీ చుట్టు తిరుగు బాధ కొంత తగ్గినది. ఆ మేలును మేము కాదనము. అక్కడ పనిచేయువారిని నిందించుటయు మా ఉద్దేశము కాదు. వారిలో ఓర్పుతో పనిచేయువారు అనేకులు కలరు. కాని తన పనిని తానే చేసికొనగలవాడు ఆ కేంద్రమునకు పోవుట వేరు. గత్యంతరము లేక పోవుట వేరు.

గత్యంతరము లేనివాని పాట్లు చూడుడు. దరఖాస్తులో అతని పాస్‌వర్డును మరియొకడు ఏర్పరచును. దానిని తన నోటుపుస్తకములో వ్రాసికొనును. ఒక్కొక్కప్పుడు ఫోను నంబరు కూడ తనదే వేయును. తరువాత వచ్చు సమాచారమంతయు ఆ ఫోనుకే పోవును. పేరులో ఒక అక్షరము తప్పినచో, కులములో ఒక వరుస మారినచో, దానిని సరిచూచుకొను నేర్పు ఇతనికి లేదు. తప్పు ఒకరిది, ఉద్యోగము పోగొట్టుకొనువాడు మరియొకడు. తన పేర నడచిన వ్యవహారమునకు ఒక నకలైనను ఇతని చేతికి రాదు. వచ్చినను దానిని ఎచ్చట దాచవలెనో ఇతడెరుగడు.

పరీక్షల సంగతి ఇంతకంటె తీవ్రమైనది. ఇంజనీరింగు ప్రవేశమునకై జరుపు జేఈఈ మెయిన్ పరీక్ష 2019 నుండి పూర్తిగా కంప్యూటరు మీదనే జరుగుచున్నది. మన రెండు రాష్ట్రముల ఎంసెట్ పరీక్షలు 2018 నాటికే అట్లు మారినవి. నేడవి ఈఏపీసెట్ పేర కంప్యూటరు మీదనే జరుగుచున్నవి. జేఈఈలో విద్యార్థి ముందున్న కీబోర్డు పనిచేయదు. సంఖ్యను వ్రాయవలసినచో తెర మీద కనబడు అంకెలను మౌసుతో ఒక్కొక్కటిగా నొక్కవలెను. జవాబు గుర్తించిన పిదప ‘సేవ్ అండ్ నెక్స్ట్’ అను గడిని నొక్కవలెను. అట్లు చేయక ప్రక్కనున్న ప్రశ్న సంఖ్యను నొక్కి ముందునకు పోయినచో ఆ జవాబు నిలువదు. పట్టణపు బిడ్డకు ఇది అలవాటైన సంగతి. బడిలో కంప్యూటరు గది తలుపునకు తాళమే చూచిన పల్లెటూరి బిడ్డకో, మౌసు చేతికి వచ్చు మొదటి దినమే పరీక్ష దినము. మూడు గంటల కాలములో అతడు చేతిని అదుపునకు తెచ్చుకొనునా? లెక్కలు చేయునా? ఇది తెలివికి పెట్టిన పరీక్షయా, అలవాటునకు పెట్టిన పరీక్షయా? నమూనా పరీక్షలను ఉచితముగా పెట్టితిమని అధికారులు చెప్పుదురు. పెట్టిన మాట నిజమే. కాని వానిని అభ్యసించుటకు యంత్రమేది?

ఈ విద్య తమకు రాదని చెప్పువారు మూడు కారణములు చూపుదురు. ఇది గొప్ప చదువులు చదివినవారిదని ఒకటి; ఇంగ్లీషు రానిదే సాగదని రెండవది; తాకినచో పాడగునని మూడవది. మూడును నిలుచునవి కావు.

మొదటి దానికి సమాధానము ఆ యంత్ర చరిత్రయే. కంప్యూటరు ఒకనాడు పండితుల సొత్తైన మాట వాస్తవమే. ఆజ్ఞలను కంఠస్థము చేసి టైపుచేసిననే గాని అది కదలెడిది కాదు. ఆ కట్టును తెంచుటకు కొందరు తమ జీవితములను ధారపోసిరి. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున డగ్లస్ ఎంగెల్‌బర్టు అను ఇంజనీరు తొంబది నిమిషములు సభ ముందు కూర్చుండి, చేతిలో ఇమిడిన చిన్న పెట్టెను కదల్చుచు తెర మీది గుర్తును కదలించి చూపెను. ఆ పెట్టెయే మౌసు. దాని మొదటి నమూనా కొయ్యతో చేసినది. 1973లో జిరాక్సు పరిశోధనశాలవారు తయారుచేసిన ఆల్టో అను యంత్రమున మౌసును, బొమ్మలు చూపు తెరను కూర్చిరి. వ్రాసినదానిని కత్తిరించి మరియొకచోట అతికించు పద్ధతిని అదే పరిశోధనశాలలో లారీ టెస్లరు ప్రభృతులు సులభము చేసిరి. 1990లో వచ్చిన విండోసు 3.0తో పాటు సాలిటేరు అను పేకాటను చేర్చిరి. ముక్కను పట్టి లాగి మరియొక ముక్క మీద పెట్టుటలో కొత్తవారికి మౌసు అలవడినది. ఇన్ని విధముల శ్రమపడినది ఎవరికొరకు? చదువరికొరకు కాదు, రానివాని కొరకే. రానివాడు దూరముగా నిలిచినచో ఆ శ్రమకు అర్థమేమి?

ఇక ఇంగ్లీషు మాట. కీబోర్డు మీది అక్షరముల వరుస ఇంగ్లీషు వర్ణక్రమము కానే కాదు. 1874లో రెమింగ్టను కంపెనీ అమ్మకమునకు పెట్టిన టైపుయంత్రము నుండి దిగివచ్చిన వరుస అది. ఇంగ్లండులో పుట్టినవాడును దానిని వ్రేళ్లతో నేర్చుకొనవలసినదే. తెర మీద కనబడు ఫైల్, సేవ్, కాపీ, పేస్ట్, ప్రింట్ మొదలగు ఇరువది మాటలు తెలిసిన మొదటి మెట్టు ఎక్కవచ్చును. రైలు, టికెట్టు, కోర్టు, రసీదు మన పల్లెలలో ఇమిడినట్లే ఇవియు ఇముడును. వీనికి నోరు తిరుగని సంస్కృత సమాసములను కల్పించి నేర్చుకొనువానికి రెండవ బరువు నెత్తిన పెట్టుట మాకు సమ్మతము కాదు. మాటలు ఎచ్చటివైనను కానిండు. బోధ మాత్రము తెలుగున జరుగవలెను.

మూడవది భయము. మేమును ఈ విద్యను ముదిరిన పిదప నేర్చినవారమే కనుక ఈ భయమును ఎరుగుదుము. మొదటి దినములలో ఒక సాయంకాలము సంపాదకీయము ముప్పాతిక వంతు వ్రాసి, సేవ్ చేయుట మరచితిమి. కరెంటు పోయినది, వ్యాసమును దానితోనే పోయినది. ఆ రాత్రి దానిని మరల వ్రాయుచు నేర్చిన పాఠము ఏ గురువును చెప్పనిది. యంత్రము చెడలేదు, మా అజాగ్రత్తయే చెడగొట్టినది. కొత్తవాడు చేయు తప్పులలో చాల వరకు ఒక్క మీటతో సరిదిద్దుకొనదగినవే.

అట్లైన మొదట నేర్పవలసినదేమి? వరుసగా చెప్పుదుము. యంత్రమును వెలిగించుటయు ఆర్పుటయు మొదటి పాఠము. స్విచ్చి కట్టివేయుట ఆర్పుట కాదు. తెర మీది ‘షట్‌డౌన్’ను నొక్కి, అది తన పనిని ముగించుకొను వరకు ఆగవలెను. రెండవది మౌసు. ఎడమ మీటను ఒక్కమారు నొక్కిన వస్తువును ఎంచుట. వెంటవెంటనే రెండుమారులు నొక్కిన తెరచుట. నొక్కిపట్టి కదల్చిన లాగుట. కుడి మీటను నొక్కిన ఆ వస్తువుతో చేయదగిన పనుల పట్టిక వచ్చుట. ఈ నాలుగును చేతికి పట్టుబడుటకు పేకాటయైనను, బొమ్మలు గీయుటయైనను మంచి సాధనమే. ఆడుకొనుచున్నాడని పిల్లవానిని కసరవలదు.

మూడవది ఫైలు, ఫోల్డరు. ఫైలనగా ఒక కాగితపు కట్ట. ఫోల్డరనగా దానిని పెట్టు అర. అరలో అర ఉండవచ్చును. ఫోను వాడుక ఈ సంగతిని మరుగుపరచినది. కావుననే ఫోను మీద మెరుపువలె పోవు యువకుడు, దింపుకొన్న హాల్‌టికెట్టు ఎచ్చటికి పోయెనో తెలియక కంప్యూటరు ముందు దిగ్భ్రమ చెందుచున్నాడు. అది ‘డౌన్‌లోడ్స్’ అను అరలోనే ఉండును. దానికి తగిన పేరు పెట్టి, తన అరలో పెట్టుకొనుట నేర్పవలెను.

నాల్గవది భద్రపరచుట. దీనినే మేము అన్నిటికంటె ముఖ్యమందుము. వ్రాయుచున్నంతసేపు మాటలు ఉండునది కరెంటు పోగానే తుడుచుకొనిపోవు పలక వంటి జ్ఞాపకములో. సేవ్ చేసిన పిదపనే అవి డిస్కు అను పుస్తకములోనికి ఎక్కును. కంట్రోలు మీటను నొక్కిపట్టి ఎస్ మీటను నొక్కుట అలవాటు కావలెను. కంట్రోలుతో సి నకలు తీయును, ఎక్స్ కత్తిరించును, వి అతికించును, జెడ్ మాత్రము అభయహస్తము, చేసిన తప్పును వెనుకకు తిప్పును. పొరపాటున తీసివేసిన ఫైలు కంప్యూటరు చెత్తబుట్టలో దొరకును. పెన్‌డ్రైవు నుండి తీసివేసినది సాధారణముగా అందు దొరకదు. ఇట్టి చిన్న భేదములే కొంపలు ముంచును, కొంపలు నిలుపును.

ఐదవది తన గుట్టును తాను కాపాడుకొనుట. పరుల యంత్రము మీద పని ముగిసిన వెంటనే ‘లాగౌట్’ కావలెను. ఆధారు, మార్కుల పత్రము వంటివి అందు దింపుకొన్నచో తీసివేయవలెను. చెత్తబుట్టను కూడ ఖాళీ చేయవలెను. పాస్‌వర్డును ఇంటి తాళపుచెవి వలె దాచుకొనవలెను. ఈ ఐదు పాఠములు వచ్చినవాడు పండితుడు కాకపోవచ్చును. కాని ఎవని చేతిలోను కీలుబొమ్మ కాడు.

తెలుగున టైపుచేయుట ఆరవ పాఠము. దానిని వేరుగ చెప్పుటకు కారణము కలదు. ఇంగ్లీషు అక్షరములతో తెలుగును వ్రాయుట తాత్కాలికమునకు ఊతకర్ర కావచ్చును, నడక కాదు. భారత ప్రభుత్వము 1986లో ఇన్‌స్క్రిప్టు అను మీటల అమరికను ఏర్పరచినది. అందు ఎడమచేతి క్రింద అచ్చులును గుణింతపు గుర్తులును, కుడిచేతి క్రింద హల్లులును ఉండును. ‘క’ నొక్కి, పొల్లు నొక్కి, ‘ష’ నొక్కిన ‘క్ష’ ఏర్పడును. మన వర్ణమాల తెలిసిన వానికి ఇది కొత్త విద్య కాదు. ఇంకను గొప్ప మేలేమన, తెలుగున ఈ అమరికను నేర్చినవాడు కన్నడమును, హిందీని, బెంగాలీని అవే మీటల మీద వ్రాయగలడు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పుననే తెలుగు లిపికి 128 స్థానములు కేటాయింపబడినవి. 2001లో వచ్చిన విండోసు ఎక్స్‌పీ నాటి నుండి మన లిపియు ఈ అమరికయు ఆ యంత్రములలోనే కూర్చబడి వచ్చుచున్నవి, కొనవలసినదేమియు లేదు. ఐనను డిగ్రీ చదివిన తెలుగువాడు తన భాషలో ఒక అర్జీని టైపుచేయలేకుండుట యంత్రపు లోపమా, మన లోపమా?

ప్రభుత్వము ఏమియు చేయలేదనుట అన్యాయము. 2017లో కేంద్ర ప్రభుత్వము గ్రామీణ డిజిటల్ సాక్షరతా పథకమును మంజూరు చేసి, ఇంటికొకరి చొప్పున ఆరుకోట్ల గ్రామీణులకు నేర్పుటకు సంకల్పించినది. 2024 మార్చి 31తో అది ముగియునాటికి 6.39 కోట్లమంది శిక్షణ పొందినట్లు సర్కారువారి లెక్క. సంఖ్య ఘనమైనదే. కాని ఆ శిక్షణ ఇరువది గంటలది. ఇరువది గంటలు ఈత నేర్పి తరువాత నీరు లేని ఊరికి పంపినచో ఈత నిలుచునా? సైకిలైనను, టైపైనను, వీణయైనను చేతి విద్య; చేయి ఆడుచున్నంతకాలమే అది నిలుచును. మన బడులలోని బోధ ఇంకను విచిత్రము. కంప్యూటరునకు పితామహుడెవరు, ఫలానా పొడి అక్షరములకు పూర్తి రూపమేమి అని వల్లెవేయించి మార్కులు వేయుచున్నారు. నీటి ధర్మములను వల్లెవేయించి ఈతగాడని బిరుదిచ్చినట్లున్నది! ఒక ఉత్తరము టైపుచేసి, పేరు పెట్టి దాచి, మరునాడు వచ్చి దానిని తెరచి అచ్చుతీయుమని అడుగుటయే సరియైన పరీక్ష.

శిక్షణ ముగిసిన పిదప కూడ చేయి ఆడించుటకు ఊరిలో ఒక చోటు ఉండవలెను. ఆ చోటు మనకు కొత్త కాదు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారును, 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిపినవారును, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమును నెలకొల్పినవారును ప్రభుత్వము ముందుగా డబ్బు పంపునని ఎదురుచూచి కూర్చుండినవారు కారు. పుస్తకము కొనలేనివాని కొరకు పుస్తకమును ఊరిలో పెట్టిరి. కృష్ణా డెల్టా కాలువలలో పడవ మీద కూడ గ్రంథాలయమును నడిపిరి. నేడు కంప్యూటరు కొనలేనివాని కొరకు కంప్యూటరును అదే గదిలో పెట్టుట ఆ ఉద్యమమునకు సహజమైన కొనసాగింపు.

దీనికి సొమ్ము ఎచ్చట నుండి వచ్చునని అడుగువారికి 1960 నాటి గ్రంథాలయ చట్టమును చూపుచున్నాము. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్నును మన రెండు రాష్ట్రముల ప్రజలు చెల్లించుచున్నారు. అనేక స్థానిక సంస్థలు ఆ సొమ్మును వసూలు చేసియు గ్రంథాలయ సంస్థలకు జమకట్టక బకాయి పెట్టుచున్నవి. పుస్తకముల కొరకు ఇచ్చిన పైసను పుస్తకములకే చేర్చుడని అడుగుట యాచన కాదు, హక్కు. ఇక యంత్రములా? మైక్రోసాఫ్టువారు 2025 అక్టోబరు 14తో విండోసు 10కి సాధారణ సహాయమును నిలిపివేసిరి. ఆ కారణమున ఆఫీసులు మూలపెట్టు యంత్రములలో అనేకము ఇంకను చక్కగా పనిచేయునవే. లైనక్సును ఎక్కించిన అవి మరి కొన్నేండ్లు నడచును. అందుకు లైసెన్సు రుసుము లేదు. ఉత్తరములు వ్రాయుటకును లెక్కలు కట్టుటకును పనికివచ్చు లిబ్రే ఆఫీసు కూడ ఉచితమే. దాని తెర తెలుగున కూడ లభించును.

ఒక గది, రెండు యంత్రములు, సాయంకాలము రెండు గంటలు, ఊరిలో చదువుకొన్న యువకుడో యువతియో ఒకరు. ఇంతకంటె అక్కరలేదు. స్త్రీలకు వేరు వేళను నియమింపవలెను. ఏలయన ఇంట ఒక్క యంత్రమున్నచో అది మగపిల్లవాని గదిలోనే ఉండుట మనమెరుగుదుము. నేర్చుకొనువారికి ఉపన్యాసములు వలదు. తన సొంత పని తానే చేయవలెను: తన దరఖాస్తు, తన పాడిలెక్క, తన సంఘపు తీర్మానము. నేర్పువాడు చేతులు వెనుకకు కట్టుకొని ప్రక్కన నిలువవలెను. విద్యార్థి చేతిలోని మౌసును లాగుకొని ‘ఇట్లు చేయవలెను’ అని తానే చేసి చూపు గురువు వలన ఎవరికిని ఈ విద్య రాదు.

మొదట చెప్పిన యువకుని మరల తలచుకొందము. అతడు కొరతపడినది బుద్ధికి కాదు. ఒక చోటునకు, పది సాయంకాలములకు, ప్రక్కన నిలిచి భయము తీర్చు ఒక మనిషికి. ఇవి ఇచ్చుటకు కమిషన్లు కూర్చుండనక్కరలేదు. ఈ వేసవి సెలవులలో ఇంటికి వచ్చు ప్రతి కళాశాల విద్యార్థియు తన ఊరిలో ఐదుగురికి ఈ ఐదారు పాఠములు చెప్పునుగాక. ఊరి గ్రంథాలయపు తాళము తీయించు పూచీ పెద్దలది. తన దరఖాస్తును తానే నింపి, తానే సరిచూచుకొని, నకలును తన అరలో దాచుకొన్న నాడు సామాన్యుడు ఒక చిన్న స్వాతంత్ర్యమును సంపాదించుకొనును. చిన్నదని దానిని తేలికగా చూడవలదు. పెద్ద స్వాతంత్ర్యము నిలుచునది అట్టి చిన్నవాని మీదనే.